గుంట

మెంఫిస్‌లో వాన. పాప్లర్ అవెన్యూ మీద మడమల లోతు నీళ్లు.
ఏడో అంతస్తులో నా గది. కిటికీలోంచి నది కనపడదు,
పార్కింగ్ కనపడుతుంది.
వెర్లీన్ స్టిగర్ తడిసిన గొడుగు తలుపు బయటే వదిలి వచ్చింది,
మా తివాచీ పాడవుతుందని.

నలభై ఒక్కేళ్లు. స్కూలు బస్సు నడుపుతుంది.
కుడి రొమ్ములో గడ్డ.
దాని మీద ఉండాల్సిన మూడు తాళాల్లో ఒక్కటీ లేదు,
మా దగ్గరున్న తాళంచెవులు దేనికీ దూరవు.
వాళ్లమ్మ నలభై నాలుగుకి పోయింది. పిన్ని యాభైకి.

రిపోర్టు తెరిచాను.
ఒకచోట ఒక్క అక్షరం మారింది.
పక్కన: అర్థం తేలలేదు.
"అంటే తప్పా, ఒప్పా?" అంది.

ఆరో తరగతిలో, బదిలీ మీద బెజవాడ నుంచి వచ్చిన తెలుగు మాస్టారు
"మా గుంట బడికొచ్చీసినాది" అని నేను రాస్తే
గుంట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాడు.
"గుంట అంటే గొయ్యి, తెలీదూ?"
శ్రీకాకుళంలో గుంటంటే ఆడపిల్ల.
ఆయన నిఘంటువు గోదావరి దాటి మా వైపు రాలేదు.

వెర్లీన్‌కి అదంతా చెప్పలేదు. ఇంతే అన్నాను:
మా పుస్తకం నిండా ఒకే ఒడ్డు మనుషులు,
యూరప్ ఓడలు దిగినవాళ్ల మనవలు.
మీ అక్షరం వాళ్లలో ఎవరికీ లేదు.
అది అచ్చుతప్పో, మీ ఇంటి మాటో
తేల్చడానికి మీ వైపు నెత్తురు మా దగ్గర చాల్లేదు.

నవ్వింది, ఒక పెదవితోనే.
"మా అమ్మమ్మ ఆస్పత్రి కాగితం మీద సంతకం పెట్టేముందు
వెనక్కి తిప్పి చూసేది.
వెనకేమీ రాసి లేకపోతే ఇంకా భయపడేది."
ఆగి, "నీది చూసుకున్నావా?"
చూసుకున్నాను. నావి రెండు తేలలేదు.
"మరి నీకెవరు చెప్తారు?" అంది,
బస్సు అద్దంలోంచి వెనక సీటు పిల్లని చూసినట్టు.

తర్వాతి శనివారం ఏడుగురిని తీసుకొచ్చింది,
అత్తల్నీ, చెల్లెళ్లనీ, పోట్లాడి.
అన్న ఓటిస్ కారు దిగలేదు.
నేను పిలవలేదు.

నాలుగేళ్లకి సవరణ వచ్చింది.
హానిలేని మార్పు.
ఆ ఏడుగురి నెత్తురూ తూకంలో పడింది.

ఫోనెత్తింది కూతురు, జొవీటా. పంతొమ్మిదేళ్లు.
"మంచిదేగా? నాకూ భయం లేనట్టేగా?"
ఆ అక్షరం వల్ల లేదన్నాను.
అమ్మమ్మ వైపు లెక్క అలాగే ఉంది,
పరీక్షలు మానొద్దన్నాను.
లైన్లో ఎవరిదో టీవీ మోగుతోంది. అది ఆగింది.
"మరి మా అమ్మని చంపిందేమిటి?"

ఫైలు తెరిచాను. జన్యువుల పేజీలు దాటుకుని
వెనక్కి, వెనక్కి, ఎవరూ తిప్పని కాగితాల్లోకి.
గడ్డ తగిలిందని ఆమె ఫోన్ చేసిన రోజు.
"వయసు చిన్నదే, కొవ్వై ఉంటుంది", ఎవరిదో పొట్టి రాత.
దగ్గరి క్లినిక్ మూసేశారన్న నోటీసు,
కొత్తదానికి రెండు బస్సులు మారాలి,
తన బస్సు దిగాక.
బీమా కంపెనీ కాదన్న ఉత్తరం,
సంతకం చోట రబ్బరు ముద్ర.
ఆ తర్వాతెప్పుడో, సూది పరీక్ష.

వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టాను,
మా అమ్మ పాలవాడి లెక్క కట్టినట్టు.
ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి.
మళ్లీ మొదటి చేతి చిటికెన వేలు.
పుట్టుకతో వచ్చిన అక్షరం సరిగ్గానే ఉంది.
కొట్టివేతలన్నీ మా చేతిరాతలో.

"లైన్లో ఉన్నారా?" అంది గుంట.

అరవై ఆరు. అరవై ఏడు.
సూది రోజు ఇంకా రాలేదు.